చంద్రుడిలో మచ్చ కాదది

రెండో ప్రపంచ యుద్ధం మీద విన్‌స్టన్ చర్చిల్ రాసిన ఆరు సంపుటాల్లో నాలుగోది 1950లో వెలువడింది. అందులో ఒకచోట అతను భారతదేశం ప్రస్తావన తెస్తాడు. యుద్ధ బీభత్సం సోకకుండా హిందూస్తాన్ ప్రజల్ని కాపాడినంత భద్రంగా భూమ్మీద మరే పెద్ద జనసమూహాన్నీ ఎవరూ కాపాడలేదంటాడు. తమ చిన్న దీవి వాళ్ళని భుజాల మీద మోసి ఒడ్డు చేర్చిందంటాడు. ఈ మాట అచ్చయ్యేనాటికి బెంగాల్ కరువు జరిగి ఏడేళ్ళు. ఆ కరువులో పోయిన ప్రాణాలు 15 లక్షలని 1945లో బ్రిటిష్ ప్రభుత్వం వేసిన విచారణ సంఘమే ఒప్పుకుంది. తర్వాత లెక్కలు కట్టినవాళ్ళలో అరూప్ మహారత్న 21 లక్షలన్నారు, అమర్త్య సేన్ 30 లక్షల దాకా అన్నారు, పాల్ గ్రీనో 35 లక్షలు దాటించారు. ఏ లెక్క తీసుకున్నా ఆ భుజాల మీంచి జారిపడ్డవాళ్ళు లక్షల్లోనే ఉన్నారు.

నేను చరిత్రకారిణిని కాను. నా డాక్టరేటు సాహిత్యంలో. చర్చిల్ గురించి నీకెందుకమ్మా అనేవాళ్ళకి నా జవాబు ఒక్కటే. చర్చిల్‌ని సాహిత్యం వాళ్ళ ఇంటికి తెచ్చింది నేను కాదు, స్వీడిష్ అకాడమీ. 1953లో అతనికి వచ్చింది శాంతి బహుమతి కాదు, సాహిత్యంలో నోబెల్. చరిత్రనీ జీవితచరిత్రనీ వర్ణించడంలో అతని ప్రతిభకీ, ఉన్నత మానవ విలువల పక్షాన నిలిచిన అతని వాగ్ధాటికీ ఆ గౌరవం అన్నారు. అతను బెర్ముడాలో సమావేశంలో ఉండిపోవడంతో భార్య క్లెమెంటైన్ స్టాక్‌హోమ్ వెళ్ళి బహుమతి అందుకుంది. (మహాపురుషుల బహుమతులు అందుకోవడానికీ, వాళ్ళ కోపతాపాలు సర్దడానికీ ఇళ్ళల్లో ఎప్పుడూ ఒకరు ఉంటారు.) రచయితగా నోబెల్ పుచ్చుకున్నవాడి వాక్యాన్ని వాక్యంగా చదివే హక్కు మనకుంది. ఒక రచన ఏం చెప్పిందన్నది ఎంత ముఖ్యమో, ఏం చెప్పకుండా దాటేసిందన్నదీ అంతే ముఖ్యమని తరగతి గదుల్లో ఇన్నేళ్ళుగా చెబుతున్నది మనమే కదా. కావ్యాల్నీ ప్రబంధాల్నీ అలాగే చదివాం. సంస్కర్తల్నీ వదల్లేదు, అభ్యుదయ కవుల్నీ వదల్లేదు. ఇంగ్లీషు డిపార్టుమెంటుల్లో చర్చిల్ ప్రసంగం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టేస్తున్నాం. వాక్యాల లయ చూడండి, పునరుక్తిలో ఉన్న బలం చూడండి అని చెప్పి గంట కొట్టగానే బయటికి వస్తున్నాం.

చర్చిల్ గురించి మన దగ్గరా బ్రిటన్‌లోనూ తరచుగా వినిపించే వాదన ఒకటుంది. చంద్రుడికైనా మచ్చ ఉంటుంది, హిట్లర్ నుంచి ప్రపంచాన్ని కాపాడినవాడిని ఒక్క కరువుతో కొలవకూడదు, బేరీజు వెయ్యాలి అంటారు. వినడానికి చాలా న్యాయంగా ఉంటుంది. కానీ ఆ పోలికలో ఉన్న ఏర్పాటు గమనించండి. చంద్రుడు అతను. మచ్చ ఎవరు? కాంటాయి నుంచో డైమండ్ హార్బర్ నుంచో చంకలో పిల్లతో కలకత్తా దాకా నడిచొచ్చి, అన్నం అడిగే ధైర్యం కూడా లేక, అన్నం వార్చిన గంజి పొయ్యమని గుమ్మాల ముందు అరిచిన ఆడమనిషి. ఆమె చావు అతని ముఖారవిందం మీద ఒక చిన్న నలుపు. ఎంత పెద్ద మనసుతో మచ్చని ఒప్పుకున్నా, ఆ పోలికలో వెలుగు ఎటు ఉందో అటే ఉంటుంది. నా తగువు ఆ పోలికతోనే.

చర్చిల్‌కి చెందాల్సింది చర్చిల్‌కి ఇవ్వడానికి నాకేం అభ్యంతరం లేదు. 1940 మే చివర్లో, ఫ్రాన్స్ కూలిపోతున్న వేళ, ఇటలీని మధ్యవర్తిగా పెట్టి సంధి మాటలు కదిపి చూద్దామన్నవాళ్ళు లండన్ యుద్ధ మంత్రివర్గంలోనే ఉన్నారు. అతను ఒప్పుకోలేదు. ఆ మొండితనం వల్ల యూరప్‌లో ఎందరో బతికారు. బెంగాల్ కరువుకి అతనొక్కడే కారణమని కూడా నేననను. 1942 మార్చిలో రంగూన్ జపాన్ చేతిలో పడి బర్మా బియ్యం ఆగిపోయింది. బెంగాల్ మంత్రులు, ధాన్యం బయటికి వదలని పొరుగు రాష్ట్రాలు, సరుకు దాచిన వ్యాపారులు, చూస్తూ కూర్చున్న వైస్రాయి లిన్‌లిత్‌గో, అందరికీ ఇందులో వాటా ఉంది. తిలా పాపం తలా పిడికెడు అంటాం. నిజమే, కానీ పిడికెళ్ళన్నీ ఒకే కొలతలో ఉండవు.

జపాన్ వస్తే దొరక్కూడదని 1942లో బెంగాల్ తీర జిల్లాల నుంచి బియ్యం ఊడ్చి తరలించారు. పదిమందికి మించి పట్టే పడవల్ని లాక్కున్నారు, ముంచారు, తగలబెట్టారు. అలా పోయిన పడవలు సుమారు 45,000. నీళ్ళే దారులైన దేశంలో పడవ పోవడమంటే చేపా పోవడం, చేనూ పోవడం, సంతా పోవడం. అక్టోబరు 16న మేదినీపూర్ మీద తుఫాను విరుచుకుపడింది. 1943లో భారత ప్రభుత్వం 5 లక్షల టన్నుల ధాన్యం కావాలని లండన్‌ని అడిగింది. ఆగస్టు 4న యుద్ధ మంత్రివర్గం ఆ కోరికని పక్కన పెట్టి, ఇరాక్ బార్లీ, కొంత ఆస్ట్రేలియా గోధుమ అంటూ అందులో చిన్న ముక్క చూపించింది. కెనడా లక్ష టన్నుల గోధుమలు ఇస్తానంటే ఓడ లేదన్నారు. ఓడలు లేవా, ఉన్నవి ఎటు పోయాయి అన్న ప్రశ్న పట్టుకుని పాత కాగితాలన్నీ తవ్విన మధుశ్రీ ముఖర్జీ 2010లో పుస్తకమే రాశారు. యుద్ధం తర్వాతి అవసరాల కోసం బ్రిటన్ నిల్వలు పెంచుకుంటున్న కాలం అదని ఆమె చూపించారు. వానల మీదికి నెడదామన్నా కుదరదు. గాంధీనగర్ ఐఐటీ పరిశోధకులు 2019లో నేలలో తేమ లెక్కగట్టి, బ్రిటిష్ కాలపు పెద్ద కరువుల్లో 1943ది మాత్రం అనావృష్టి వల్ల వచ్చింది కాదని తేల్చారు. ఇక అతని అభిమానులు ఎప్పుడూ చూపించే సాక్ష్యం, 1944 ఏప్రిల్ చివర్లో అతను ఓడలు ఇప్పించమని రూజ్‌వెల్ట్‌కి పంపిన తంతి. పంపిన మాట నిజం. రూజ్‌వెల్ట్ కుదరదన్న మాటా నిజం. అప్పటికి కలకత్తా పేవ్‌మెంట్ల మీద శవాలు ఎత్తడం మొదలై ఎనిమిది నెలలు గడిచాయన్నది కూడా నిజమే.

ఇక్కడ నా సొంత మాట ఒకటి. మాది శ్రీకాకుళం జిల్లా. మా వైపు రంగూన్‌ని రంగం అంటారు. ఇంటికొకరు రంగం వెళ్ళిన ఊళ్ళు మావి. అక్కడి రేవుల్లో మూటలు మోసినవాళ్ళు, బియ్యం మిల్లుల్లో ఒళ్ళు హూనం చేసుకున్నవాళ్ళు చాలామంది తెలుగు కూలీలు. బెంగాల్ తిన్న బర్మా బియ్యంలో మావాళ్ళ చెమట ఉంది. 1942లో బాంబుల మధ్య అడవులూ కొండలూ దాటి నడుచుకుంటూ వెనక్కి వచ్చినవాళ్ళలో మా తాతమ్మ అక్క ఒకామె. దారిలో ఎవరెవరు ఎక్కడ మిగిలిపోయారో వరసగా చెప్పేదట, ఊళ్ళ పేర్లు మాత్రం తెలియవట. చర్చిల్ భుజాల మాట చదివినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ నడక.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. భారత వ్యవహారాల మంత్రిగా అతని పక్కన కూర్చున్న లియో ఏమరీ సామ్రాజ్యాన్ని ప్రేమించిన కన్సర్వేటివే, చర్చిల్ శత్రువు కాదు. అతని డైరీలు 1988లో అచ్చయ్యాయి. భారతదేశానికి ధాన్యం పంపే మాట ఎత్తినప్పుడు చర్చిల్ ముందుగా భారతీయులు కుందేళ్ళలా పిల్లల్ని కంటున్నారని ఒక దండకం చదివాడని అందులో ఉంది. దీన్ని అందరూ జాత్యహంకారానికి ఉదాహరణగా చెబుతారు. సరే. కానీ అందులో ఇంకొకటి కూడా ఉందని ఎవరూ ఎందుకనరు? ఈనేది ఆడకుందేలు. మగ మంత్రులు నిండిన ఆ గదిలో ఆకలికి కారణంగా దొరికింది ఓడా కాదు, పడవా కాదు, బియ్యం ధరా కాదు, బెంగాలీ పేద స్త్రీ గర్భం. అక్కడ ఆ క్షణంలో ఆ గర్భాల్లో ఏం జరుగుతోందో ఎవరికీ పట్టలేదు. తిండిలేక ముట్లు నిలిచిపోయాయి. పుట్టుకలు పడిపోయాయి. పుట్టిన పిల్లలకి పాలు రాలేదు. కుందేళ్ళ మాట ఆ మనిషి నోటి దురుసు కాదు, ఒక పాలనా పద్ధతి. తిండి పెట్టాల్సిన బాధ్యతని కనే స్త్రీ మీదికి తోసేసే పద్ధతి.

1947లో ఆ పద్ధతి ఓడెక్కి వెళ్ళిపోలేదు. జనాభా మాట వచ్చినప్పుడల్లా మన ఆఫీసర్ల నోటా మన మధ్యతరగతి డ్రాయింగ్ రూముల్లోనూ అదే కుందేలు గెంతుతుంది. 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నంలో ఒక్కరోజే 34 మంది స్త్రీలకి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు, నలుగురు చనిపోయారు. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడొద్దని 1994లో చట్టం చేసిన ఆంధ్రప్రదేశ్ 2024లో ఆ నిబంధన తీసేసింది, ఎక్కువమందిని కనమని అదే ఏడాది ముఖ్యమంత్రి పిలుపునిచ్చారు. కట్టెయ్యమన్నా, కనమన్నా అడగాల్సిన మనిషిని అడిగింది లేదు. చర్చిల్‌ని తిడుతున్న మన నాయకులకి ఈ విషయంలో అతనితో పెద్ద పేచీ ఉన్నట్టు నాకు కనిపించదు.

అందుకే చర్చిల్ వ్యతిరేకులతో కూడా నాకు తగువుంది. టీవీ చర్చల్లో బెంగాల్ కరువు ఇప్పుడొక దేశభక్తి ఆయుధం. ఎముకల గూడు లాంటి తల్లి, ఎండిన రొమ్ము పట్టుకున్న పిల్ల ఫొటో తెర మీద కనిపిస్తుంది, కింద చర్చిల్ ముఖం. లెక్క సరిపోయింది. ఆమె పేరేమిటి, ఏ ఊరు, ఆ ఫొటోకి ముందు ఆమె ఏం పని చేసేది? అమర్త్య సేన్ 1981 నాటి పుస్తకంలో ఈ కరువులో ముందుగా కుప్పకూలిన వృత్తుల లెక్క తీశారు. జాలర్లు, రవాణా కూలీలు, వ్యవసాయ కూలీలు, వీళ్ళతోపాటు వడ్లు దంచేవాళ్ళు. వడ్లు దంచేవాళ్ళంటే ఆడవాళ్ళు. ఢెంకీ మీద కాలితో తొక్కి, దంచిన బియ్యంలో కూలి పుచ్చుకునే వితంతువులు, భర్తలు వదిలేసినవాళ్ళు, భూమిలేనివాళ్ళు. వడ్లే దొరక్కపోతే ఆ కూలి లేదు. ఫొటోలో తల్లిగా మాత్రమే కనిపిస్తున్నామె పనిచేసి బతికిన శ్రామికురాలు. తల్లి అనగానే కన్నీళ్ళొస్తాయి, శ్రామికురాలు అంటే కూలి లెక్కలు అడగాల్సి వస్తుంది. దేశభక్తికి కన్నీళ్ళు చాలు.

ఆ ఫొటో ఫ్రేములోంచి జారిపోయినవాళ్ళు ఇంకా ఉన్నారు. భార్యని ఊళ్ళో వదిలి వెళ్ళిపోయిన భర్త ఉన్నాడు. ఆడపిల్లని అమ్మిన తండ్రి, కొన్న బ్రోకరు, సైనికుల శిబిరాల చుట్టూ వెలిసిన వ్యాపారం ఉన్నాయి. ఇంటిపెద్దలు తమమీద ఆధారపడినవాళ్ళని వదిలించుకోవడం ఈ కరువులో ఒక క్రమంలో జరిగిందని 1982లో పాల్ గ్రీనో రాశారు. వంశం నిలవాలంటే పురుషుడు నిలవాలన్న విలువే దాని వెనక ఉందన్నారు. ఆ వివరణ మొత్తం నాకు మింగుడుపడదు. ధాన్యం ఎవరు తరలించారన్నది పక్కకి పోయి నేరమంతా బెంగాలీ సంస్కృతి మీదికి వచ్చే ప్రమాదం అందులో ఉంది. అలాగని ఆ పేజీలు దాటేసి చదవడం మనవల్ల అవుతుందా? సామ్రాజ్యం బియ్యం లాగేసుకుంది, ఉన్న కాస్త ఎవరి కంచంలో పడాలో ఇల్లు నిర్ణయించింది. రెండూ జరిగాయి. ఒకటి చెబితే రెండోది తగ్గిపోదు. మన టీవీ దేశభక్తులు మొదటిది మాత్రమే చెబుతారు, ఎందుకంటే రెండోది ఇప్పటికీ మన వంటిళ్ళలో నడుస్తోంది.

మన అమ్మమ్మలు కరువులకి పేర్లు పెట్టిన తీరు చూస్తే ఎంత తెలివైనవాళ్ళో అనిపిస్తుంది. 1833 నాటిది డొక్కల కరువు. 1876లో మొదలైంది ధాత కరువు. ఒకదానికి శరీరం పేరు, ఒకదానికి సంవత్సరం పేరు. బెంగాలీలు కూడా తమ కేలండరులోని 1350ని పట్టుకుని దీన్ని యాభై నాటి కరువన్నారు. దొరల పేర్లు ఎక్కడా లేవు. దొరని నాయకుడిగానో ప్రతినాయకుడిగానో మధ్యలో కూర్చోబెట్టి కథ చెప్పడం చదువుకున్న మనకి వచ్చిన అలవాటు.

మరి మధ్యలో ఎవరుండాలి? 1943 మార్చి 17న మహిళా ఆత్మరక్షా సమితి నాయకత్వంలో దాదాపు 5,000 మంది స్త్రీలు కలకత్తాలో శాసనసభ దాకా నడిచారు. మధ్యతరగతి వాళ్ళూ ఉన్నారు, మురికివాడల వాళ్ళూ పల్లెల వాళ్ళూ ఉన్నారు, బురఖాలు వేసుకున్న ముస్లిం స్త్రీలూ ఉన్నారు. బియ్యం ఇవ్వండి, ధర తగ్గించండి అని అడిగారు. తేదీ మరోసారి చూడండి. లండన్ మంత్రివర్గం ధాన్యం కాదన్నది ఆగస్టు 4న. స్టేట్స్‌మన్ పత్రిక సంపాదకుడు ఇయాన్ స్టీఫెన్స్ సెన్సారు ఒత్తిడిని తప్పించుకుని కరువు ఫొటోలు వేసింది ఆగస్టు 22న. ఆ ఫొటోలతోనే ప్రపంచానికి కరువు సంగతి తెలిసిందని చరిత్ర పుస్తకాలు రాస్తాయి. స్టీఫెన్స్ ధైర్యం గొప్పదే, కాదనను. కానీ అంతకు ఐదు నెలల ముందే 5,000 మంది ఆడవాళ్ళు ప్రభుత్వం గుమ్మం ముందు నిలబడి చెప్పారు కదా. తెలియడం అంటే ఎవరికి తెలియడం? ఆడవాళ్ళు అడిగితే గోల, మగ సంపాదకుడు అచ్చువేస్తే వార్త. ప్రభుత్వాలకి సమాచారం ఆలస్యంగా అందిందని చర్చిల్ పక్షాన వాదించేవాళ్ళు ఈ మార్చి 17ని ఎక్కడ దాచుకుంటారో చెప్పాలి.

గుమ్మం ముందు ఆడవాళ్ళు నిలబడటం చర్చిల్ రాజకీయ జీవితంలో కొత్తేమీ కాదు. 1910 నవంబరు 18న సుమారు 300 మంది స్త్రీలు ఓటుహక్కు అడగడానికి బ్రిటిష్ పార్లమెంటుకి వెళ్ళారు. పోలీసులు గంటల తరబడి వాళ్ళని కొట్టారు, రొమ్ములు నులిమారు, జనంలోకి విసిరారు. ఆ రోజుకి బ్లాక్ ఫ్రైడే అని పేరు. అప్పటి హోంమంత్రి విన్‌స్టన్ చర్చిల్. బహిరంగ విచారణ అడిగితే ఒప్పుకోలేదు. లండన్ స్త్రీల ఒంటి మీది గాయాలకి విచారణ వెయ్యనివాడు కాంటాయి స్త్రీ ఆకలికి ఓడ వేస్తాడని ఎలా అనుకుంటాం?

నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచింపజేసింది ఆ సమితి రాజకీయం. అది పుట్టిందే 1942లో, జపాన్ ఫాసిజం ముంచుకొస్తోందని, స్త్రీలు తమని తాము కాపాడుకోవాలని. అందులో ముందు నిలిచిన కమ్యూనిస్టు స్త్రీలు ఆ యుద్ధాన్ని ప్రజాయుద్ధం అన్నారు. క్విట్ ఇండియా ఉద్యమంతో నడవలేదని సాటి దేశభక్తుల చేత మాటలు పడ్డారు. అంటే హిట్లర్ ఓడాలని చర్చిల్ ఎంత కోరుకున్నాడో వాళ్ళూ అంతే కోరుకున్నారు. కోరుకుంటూనే గంజి కేంద్రాలు నడిపారు, పిల్లలకి పాలు పంచారు, కంట్రోలు షాపుల ముందు క్యూలు నిలబెట్టారు, దొంగ నిల్వలు బయటపెట్టారు, అమ్ముడుపోయిన ఆడపిల్లల్ని వెతికారు. నిరాశ్రయ స్త్రీలకి నీడా పనీ చూపించడానికి 1944లో నారీ సేవా సంఘం ఏర్పడింది. చర్చిల్ కావాలా, హిట్లర్ కావాలా తేల్చుకోండి అని ఇవాళ మనల్ని నిలదీసేవాళ్ళకి ఈ స్త్రీలు అప్పుడే జవాబిచ్చారు. ఫాసిజాన్ని ఓడించడానికి బెంగాల్ చావాల్సిన అవసరం లేదని చేతల్లో చూపించారు. యుద్ధానికి మద్దతిచ్చినవాళ్ళే బియ్యం అడిగారు. బియ్యం ఇవ్వలేని యుద్ధం ఎవరి కోసమని అడిగారు. ఇది చర్చిల్ మీద ఎవరైనా వేయగల అతిపెద్ద ప్రశ్న, కానీ వేసింది ఆడవాళ్ళు కాబట్టి బేరీజు వేసే పెద్దల చెవిన పడలేదు.

రాసిపెట్టలేదని అనడానికి లేదు. ఎలా సేన్ 1944లోనే జైనుల్ ఆబెదిన్ బొమ్మలతో ‘డార్కెనింగ్ డేస్’ తెచ్చింది, కరువులో స్త్రీలకి ఏమైందన్నదే దాని వస్తువు. ఫ్రెడా బేదీ అదే ఏడాది ‘బెంగాల్ లమెంటింగ్’ రాసింది. ఉద్యమంలో తిరిగిన రేణు చక్రవర్తి పుస్తకం 1980లో, మణికుంతలా సేన్ ఆత్మకథ 1982లో వచ్చాయి. చిత్తప్రసాద్ మేదినీపూర్ తిరిగి గీసి అచ్చువేసిన ‘హంగ్రీ బెంగాల్’ ప్రతుల్ని ప్రభుత్వం పట్టుకుని తగలబెట్టింది. ఒకవైపు ప్రతులు కాలాయి, ఇంకోవైపు ఆరు సంపుటాలు నోబెల్ మెట్లెక్కాయి. సాహిత్య చరిత్ర అంటే ప్రతిభల వరస అని ఇంకా నమ్మేవాళ్ళు ఈ రెండు సంగతుల్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. 1980లో మృణాల్ సేన్ తీసిన ‘అకాలేర్ సంధానే’లో కరువు మీద సినిమా తియ్యడానికి ఒక యూనిట్ పల్లెకి వెళుతుంది. బియ్యం కోసం ఒళ్ళమ్ముకున్న స్త్రీ పాత్రకి ఊళ్ళోంచి ఒక అమ్మాయిని అడిగేసరికి ఊరు భగ్గుమంటుంది. చిత్రీకరణ చూస్తున్న దుర్గ అనే పేదరాలు ఉలిక్కిపడి అరుస్తుంది. ముప్ఫై ఏడేళ్ళ కిందటి కథ అని సినిమావాళ్ళు అనుకున్నారు, దుర్గకి అది నిన్నటి సంగతి.

ఈ విషయం ఎవరు మాట్లాడొచ్చన్న దానిమీద కూడా కాపలా ఉంది. 2021 ఫిబ్రవరిలో కేంబ్రిడ్జిలో అతని పేరు మీదున్న చర్చిల్ కాలేజీలోనే అతని జాతి దృక్పథం మీద చర్చ జరిగింది. అధ్యక్షత వహించిన ప్రియంవదా గోపాల్ సాహిత్యం ప్రొఫెసరు, మాట్లాడినవాళ్ళలో మధుశ్రీ ముఖర్జీ ఒకరు. వెంటనే పత్రికల్లో దుమారం లేచింది. ఆ చర్చలు పెట్టిన బృందమే కొన్ని నెలల్లో రద్దయింది. అంతకు ముందు ఏడాది జూన్‌లో పార్లమెంటు స్క్వేర్‌లోని అతని విగ్రహానికి చెక్కపెట్టె తొడిగి కాపాడారు. కంచుకి ఉన్నపాటి రక్షణ ప్రశ్నకి లేదు.

మన దగ్గర దుమారం కూడా ఉండదు, కమిటీ ఉంటుంది. పోయిన ఏడాది ఒక విశ్వవిద్యాలయంలో డిగ్రీ ఇంగ్లీషు గద్యం పేపరు మార్చడానికి కూర్చున్నాం. చర్చిల్ 1940 ప్రసంగం తీసెయ్యమని నేను అడగలేదు. దాని పక్కనే, అదే యూనిట్‌లో, ఎలా సేన్ పుస్తకంలోంచి ఒక అధ్యాయం పెడదామన్నాను. ఒకాయన బాగుందమ్మా, దాన్ని స్త్రీల రచనల పేపరులో పెట్టండి, అది ఐచ్ఛికం కదా, ఇష్టమున్నవాళ్ళు తీసుకుంటారు అన్నారు. ఇంకొకాయన దాని ఇంగ్లీషు శైలిలో చర్చిల్ స్థాయి లేదన్నారు. అక్కడున్న ఇద్దరు స్త్రీలు ఏమీ అనలేదు. వాళ్ళని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, ఆ కుర్చీల్లో మాట్లాడితే ఏమవుతుందో నాకూ తెలుసు. అయినా ఈ పత్రిక చదివేవాళ్ళలో చాలామంది ఏదో ఒక యూనివర్సిటీలో ఇలాంటి బల్ల దగ్గర కూర్చునేవాళ్ళే కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఐచ్ఛికం అన్న ఆ మాట ఒప్పుకోకండి. చర్చిల్ తప్పనిసరి, చర్చిల్ కాలంలో ఆకలితో చచ్చినవాళ్ళు ఐచ్ఛికం అన్నప్పుడు మనం చెబుతున్నది శైలి పాఠం కాదు. మణికుంతలా సేన్‌నీ ఎలా సేన్‌నీ తెలుగులోకి తెచ్చుకుందాం, నాలుగు చేతులు కలిస్తే ఏడాది పని. శైలి గురించి అడిగినాయనకి అప్పుడు చెప్పలేకపోయిన సంగతి ఒకటుంది. నాలుగో సంపుటంలోని ఆ భుజాల వాక్యం నిజంగానే చక్కటి వాక్యం. బరువూ లయా రెండూ ఉన్నాయి, పోలిక కూడా బాగా కుదిరింది. ప్రసంగం ముగించాక దాన్ని బోర్డు మీద రాసి, మార్చి 17 ఊరేగింపు మీద మణికుంతలా సేన్ రాసిన పేజీ పిల్లల చేతికిచ్చి, ఎవరు ఎవరిని మోశారో రాయమనండి. ఐదు మార్కుల ప్రశ్న.